వరి మడిలో దోమలు: మందు కొట్టాలా, నీరు తీయాలా?

ప్రశ్న: మా వరి పొలాలు ఊరిని ఆనుకునే ఉన్నాయి. నాట్లు పడినప్పటి నుంచి దోమలు, జ్వరాలు పెరిగాయి. మడుల్లో పురుగుమందు కొడితే పోతాయా? నీరు తీసేస్తే దిగుబడి పడిపోతుందేమోనని భయం.

జవాబు: దోమల కోసం మడిలో పురుగుమందు కొట్టకండి. దోమ పిల్లలను తినే తూనీగ పిల్లలు, నీటి పురుగులు, చిన్న చేపలు ఆ మందుకు ముందుగా బలైపోతాయి. అవి మళ్లీ పుంజుకునేలోపే దోమ మరో తరాన్ని పెంచుకుంటుంది.

ఆ జ్వరాలు ఏమిటో కూడా పరీక్ష చేయించి తెలుసుకోండి. డెంగీ దోమ వరి మడిలో పెరగదు; ఇళ్ల దగ్గరి డ్రమ్ములు, కుండీలు, పాత టైర్లలో నిలిచిన నీరే దానికి నెలవు. మడిలో పెరిగేవి మెదడువాపు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమలు, మలేరియాను మోసే కొన్ని అనాఫిలస్ రకాలు. మెదడువాపు వైరస్ పందుల్లో, కొంగల్లో వృద్ధి చెంది దోమ ద్వారా మనిషికి చేరుతుంది. అందుకే పందుల దొడ్లు ఇళ్లకు దూరంగా ఉండాలి. ఈ వ్యాధి ఉన్న ప్రాంతమైతే పిల్లలకు టీకా తప్పనిసరిగా వేయించండి.

ఇక నీటి సంగతి. వెచ్చని వాతావరణంలో దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది, అన్ని రోజులూ దానికి నీరు కావాలి. ఆలోపు మడి ఆరిపోతే ఆ తరం అక్కడే ఆగిపోతుంది. మడిని మళ్లీ ఎప్పుడు తడపాలో తెలియడానికి 30 సెం.మీ. పొడవున్న గొట్టానికి కింది సగంలో రంధ్రాలు చేసి, ఆ సగాన్ని మట్టిలో పాతి, లోపలి మట్టిని తీసేయండి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెం.మీ. కిందికి దిగినప్పుడు మళ్లీ 5 సెం.మీ. నీరు పెట్టండి. ఇలా చేస్తే దిగుబడి తగ్గదు, నీరు మిగులుతుంది, పైరు రసం పీల్చే సుడిదోమ అనే పురుగు ఉద్ధృతికీ కొంత అడ్డుకట్ట పడుతుంది. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం మడిని ఆరనివ్వవద్దు. చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు.

చిక్కల్లా నాటిన తొలి రెండు వారాలతోనే. కలుపు రాకుండా అప్పుడు నీరు ఉంచాలి, పైరు నీడ కమ్మని ఆ మడిలోనే దోమ పిల్లలూ ఎక్కువగా ఉంటాయి. కాబట్టి నీరు పలచగానే ఉంచండి. అవసరమైతే దోమ పిల్లలను చంపే బీటీఐ అనే బాక్టీరియా మందును ఆరోగ్య సిబ్బంది సలహాతో వాడవచ్చు. దమ్ములోనే మడిని బాగా చదును చేయండి; పల్లాల్లో, కాలి అడుగులు పడిన గుంతల్లో నీరు మిగిలితే ఆ తర్వాత మడిని ఎంత ఆరబెట్టినా లాభం ఉండదు.

యూరియా ఒకేసారి గుమ్మరిస్తే దోమ పిల్లలు పెరుగుతాయి. బురద పదనులో విడతలుగా చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత నీరు పెట్టండి.

మీ ఒక్కరి మడి ఆరితే చాలదు, ఈ దోమలు కిలోమీటరుకు పైగా ఎగురుతాయి. ఒకే కాలువ కింది రైతులంతా కలిసి వంతులు పెట్టుకోండి. కాలువ గండ్ల నుంచి ఊరే నీటిని ఆపండి, గట్ల పక్క గుంతలు పూడ్చండి. ఈలోగా అందరూ దోమతెరల్లోనే పడుకోండి. జ్వరంతో పాటు మూర్ఛ, మగత కనిపిస్తే గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.