ఆ పెన్సిల్ గీతల సంగతి రాయమ్మా

అమ్మాయీ,

'వుల్ఫ్‌వాకర్స్' అనే ఐరిష్ యానిమేషన్ సినిమా తెర వెనక కథ అంటూ నువ్వు పంపిన వ్యాసం చదివాను. నిజం చెప్పాలంటే రెండో పేజీకే ఒళ్లు మండి పక్కన పడేశాను. మర్నాడు మళ్లీ తీస్తే ఐదో పేజీ అడుగున ఒక వాక్యం కనిపించింది. 'అడవిలో తిరిగే పాత్రలకు చిత్రకారులు పెన్సిల్ గీతలు చెరపకుండా అలాగే వదిలేశారట' అని రాశావు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసం. అది లేకపోతే 'బాగుంది, రాస్తూ ఉండు' అని ఓ ముక్క మెయిల్ కొట్టి ఊరుకునేవాణ్ణి.

ముందు నా కోపం తీర్చుకోనీ. మొదటి నాలుగు పేజీల్లో ఏం పెట్టావు? ఐర్లండ్‌లోని కిల్కెన్నీ ఊళ్లో 1999లో టామ్ మూర్, నోరా ట్వోమీ, పాల్ యంగ్ కలిసి కార్టూన్ సలూన్ స్టూడియో పెట్టారు. 2009లో ఒక సినిమా, 2014లో ఒకటి, 2017లో ఇంకొకటి, అన్నిటికీ ఆస్కార్ నామినేషన్లు. 2020లో మూర్, రాస్ స్టూవర్ట్ కలిసి ఇది తీశారు, దీనికీ నామినేషన్ వచ్చింది. అన్నీ నిజాలే, కాదనను. కానీ ఇవన్నీ ఎవరి ఫోన్‌లో వెతికినా దొరుకుతాయి. నాకెందుకు మళ్లీ చెప్పడం? పైగా 'దృశ్యకావ్యం' అనే మాట ఎన్నిసార్లు వాడావో ఒకసారి లెక్కపెట్టుకో. ఏ సినిమా గురించి రాసినా దృశ్యకావ్యమే అయితే ఇక కావ్యం కానిది ఏముంటుంది?

చివరి పేరా అయితే చదవగానే కొట్టేశాను. 'మన తెలుగులో ఇలాంటివి ఎప్పుడొస్తాయో!' ఎక్కడో ఐర్లండ్‌లో ఒకాయన బొమ్మ గీస్తే, చివర్లో మనవాళ్లని నాలుగు తిట్టందే వ్యాసం ముగియదు మన దగ్గర. ఇదొక ఫ్యాషన్. వారపత్రికల రోజుల నుంచీ చూస్తున్నాను. ఆ నిట్టూర్పు రాయడానికి సినిమా చూడక్కర్లేదు కూడా.

ఇక ఆ గీతల సంగతికి వద్దాం. 2డి యానిమేషన్‌లో, అంటే చదునుగా బొమ్మలు గీసి కదిలించే పద్ధతిలో, ముందు రఫ్ వేస్తారని నీకు తెలుసు. తలకో గుండ్రం, ఒంటికో గుండ్రం, చెయ్యి ఎటు తిరగాలో చెప్పే ఓ వంకర గీత. తర్వాత క్లీనప్ వాళ్లు కూర్చుని ఆ గజిబిజిలోంచి ఒక్క శుభ్రమైన గీత తీసుకుని మిగతాదంతా వదిలేస్తారు. ఆ గుండ్రాలు తెర మీద కనిపిస్తే పని పూర్తి కానట్టే లెక్క. ఈ సినిమాలో మేవ్ అనే ఆ ఎర్రజుట్టు పిల్లకీ, తోడేళ్లకీ ఆ రఫ్ గీతల్ని కావాలనే ఉంచారు. ఒకసారి పాజ్ చేసి చూడు. తోడేలు మెడ దగ్గర ఒక గీత ఉండాల్సిన చోట నాలుగు ఉంటాయి, ఏదీ ఇంకోదానితో సరిగ్గా కలవదు. పరిగెత్తేటప్పుడు ఒళ్లు ఒకచోట నిలవనట్టు ఉంటుంది.

ఇప్పుడు ఊళ్లోకి రా. కిల్కెన్నీ కోట, వీధులు, సైనికులు, అన్నిటికీ మందపాటి నల్ల గీతలు, కోసినట్టుండే మూలలు. ఆ కాలపు చెక్క అచ్చు బొమ్మల పద్ధతి అది. ఇళ్లన్నీ పాత మ్యాపులో వేసినట్టు చదునుగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటి మధ్య మనిషి మసలడానికి చోటు ఉన్నట్టే అనిపించదు. రంగు గీతకి సరిగ్గా అతకదు, కొంచెం పక్కకి జరిగి ఉంటుంది. మన పాత శుభలేఖల మీద వినాయకుడి ఎరుపు గీత దాటి బయటికొచ్చేది చూడు, అలా. అక్కడ ప్రెస్సువాడి అజాగ్రత్త, ఇక్కడ కోరి చేసిన పని. ఇంగ్లండు నుంచి వచ్చిన రాబిన్ అనే పిల్ల మొదట ఈ ఊరి గీతలతోనే ఉంటుంది. అడవి పరిచయమయ్యే కొద్దీ ఆ పిల్ల గీత కూడా వదులవుతుంది. ఇది డైలాగులో ఎవరూ చెప్పరు. నువ్వూ చెప్పలేదు, ఐదు పేజీలు రాసి!

నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, విసుక్కోకు. తయారీ గురించి రాసేటప్పుడు స్టూడియో మొత్తాన్ని వర్ణించక్కర్లేదు. వాళ్లు తీసుకున్న ఒక్క నిర్ణయాన్ని పట్టుకో. ఎందుకు అలా చేశారో తేలేదాకా దాన్ని వదలకు. మిగతా విషయాలు వాటంతటవే వెనకాల నడిచొస్తాయి, రానివి అక్కర్లేనివే.

ఈ గీతల్నే పట్టుకుంటే ఎక్కడికి వెళ్తావో చూడు. ఊరికి ఆ కఠినమైన గీత ఎందుకు? కథ జరిగేది 1650లో. ఆ ఏడాది మార్చిలోనే ఇంగ్లండు సేనాని క్రామ్‌వెల్ సైన్యం కిల్కెన్నీని పట్టుకుంది. సినిమాలో అతన్ని పేరుతో కాకుండా లార్డ్ ప్రొటెక్టర్ అనే బిరుదుతో పిలుస్తారంతే. అడవి కొట్టాలి, తోడేళ్లని చంపాలి, ఊరు లొంగాలి, ఇదే అతని పని. నువ్వేమో 'ఒక ఊహాలోకపు కథ' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 1653లో అక్కడి ఇంగ్లిష్ ప్రభుత్వం తోడేళ్ల తలలకి రేటు కట్టింది. మగ తోడేలుకి 5 పౌండ్లు, ఆడదానికి 6. సొంతంగా వేటాడే వయసు పిల్లకి 40 షిల్లింగులు, పాలు తాగే కూనకి 10. ఈ రేట్ల పట్టీ చదివాక సినిమాలో బోనులో పెట్టిన ఆ తల్లి తోడేలు దగ్గరికి మళ్లీ వెళ్లి చూడు. ఐర్లండ్‌లో చివరి తోడేలుని 1786లో కార్లో కౌంటీలో చంపారని చెప్పుకుంటారు. ఆ తర్వాత అక్కడ మిగిలింది కథలే.

ఆ కథలు కూడా ఎక్కడివో కావు. కిల్కెన్నీ ఉన్న ప్రాంతాన్ని పూర్వం ఒసొరీ అనేవారు. 12వ శతాబ్దంలో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతాధికారి ఐర్లండ్ గురించి లాటిన్‌లో ఒక పుస్తకం రాస్తూ అక్కడి మనుషుల సంగతి చెప్పాడు. ఒక సాధువు శాపం వల్ల ఏడేళ్లకోసారి ఒసొరీ నుంచి ఒక ఆడా ఒక మగా తోడేళ్లయి అడవికి పోవాలట. అల్‌స్టర్ నుంచి మీత్‌కి వెళ్తున్న ఒక పూజారి రాత్రిపూట అడవిలో మంట వేసుకుని ఉంటే, ఒక తోడేలు వచ్చి మాట్లాడింది. నా తోడు చచ్చిపోతోంది, వచ్చి చివరి ప్రార్థన చెయ్యమంది. పూజారి సందేహిస్తుంటే ఆ ఆడ తోడేలు చర్మాన్ని తల దగ్గర్నుంచి బొడ్డు దాకా ఒలిచి చూపించింది. లోపల ఒక ముసలమ్మ. అంతే, చూపించి మళ్లీ చర్మం కప్పేసింది.

సినిమావాళ్లు దీన్ని మార్చుకున్నారు. వాళ్ల కథలో మనిషి నిద్రపోతే తోడేలు బయటికొస్తుంది, మనిషి ఒళ్లు అక్కడే పడి ఉంటుంది. ఏది ఉంచుకున్నారు, ఏది వదిలేశారు అన్నది నీ వ్యాసంలో ఉండాలా వద్దా? నువ్వు 'ఐరిష్ జానపదం ఆధారంగా' అని మూడు మాటల్లో దాటేశావు.

నాకీ పిచ్చి ఎక్కడ పట్టిందో చెప్తాను. మద్రాసులో ఓ సినిమా పత్రికకి రాస్తున్న రోజుల్లో, వడపళనిలో ఒక ఫ్లోర్ మీద బ్యాక్‌డ్రాప్ పెయింటర్ పని చూస్తూ నిలబడిపోయాను. పొడుగాటి వెదురు కర్రకి బ్రష్షు కట్టుకుని, వెనక్కి వెనక్కి జరుగుతూ కొండ మీద చెట్లు వేస్తున్నాడు. దగ్గరికెళ్లి చూస్తే ఆకులు లేవు, ఆకుపచ్చ ముద్దలు. నీట్‌గా వెయ్యవేం అనడిగితే, 'నీట్‌గా ఏస్తే కెమెరాకి గోడలా కనపడుద్ది సార్' అన్నాడు. ఇంటికొచ్చి అదంతా రాసిచ్చాను. మా ఎడిటర్ ఆ భాగమంతా కొట్టేసి, హీరోయిన్ సెట్‌కి ఆలస్యంగా వచ్చిందన్న వాక్యం మాత్రం ఉంచాడు. 'పెయింటర్ గోల ఎవడిక్కావాలయ్యా, బడ్జెట్ ఎంతో రాయి' అన్నాడు. ఆ నెల జీతం కూడా ఆలస్యమే. ఆయన ఇప్పుడు లేడు, కానీ ఆ వాక్యం ఈనాటికీ అరగలేదు నాకు. ఇప్పటి ఎడిటర్లు ఏమీ కొట్టెయ్యరు, అసలు చదివితే కదా. అది ఇంకా ప్రమాదం.

ఇంకొకటి మర్చిపోయాను. రాబిన్ తోడేలుగా మారాక వాసనలు రంగుల్లా కనిపించే సీన్ గురించి 'అత్యాధునిక గ్రాఫిక్స్' అని రాశావు. సగమే తెలుసుకున్నావు. కెమెరా దారి కంప్యూటర్‌లోనే వేసుకున్నారు. తర్వాత ఆ ఫ్రేముల్ని కాగితాల మీద ప్రింటు తీసి, పైన బొగ్గుతో, పెన్సిల్‌తో చేత్తో గీశారు. ఒక్కో ఫ్రేముకి ఒక్కో కాగితం. తోడేలు పరుగు అంత వేగంగా ఉన్నా ఆ చీకట్లో బొగ్గు గరుకు కనిపిస్తుంది. అక్కడ ఓ పేరా ఆగి ఉండాల్సింది.

వ్యాసాన్ని ముందే ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా, పారితోషికం ఎంత అడగాలి అన్నావు. అవి తర్వాత చూద్దాం. పాటల గురించిన పేజీ తీసెయ్, వినకుండా రాసినట్టుంది. క్లైమాక్స్ చెప్పేశావు, అదీ తీసెయ్. గీతలతో మొదలుపెట్టి, రేట్ల పట్టీ దగ్గరికి ఎలా వస్తావో నువ్వే చూసుకో.

ఈసారి పంపేటప్పుడు యూనికోడ్‌లో టైపు చేసి వర్డ్ ఫైల్ పంపు. నీ పీడీఎఫ్‌లో ఒత్తులన్నీ ఊడిపోయి, పేజీ పేజీకీ క్రామ్‌వెల్ కాస్తా కామ్‌వెల్ అయిపోయాడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు