సీసా చలికి తట్టుకున్నా, సూది తర్వాత అరగంట సంగతేంటి?

మీ ప్రశ్న చదువుతుంటే ఏడేళ్ల కిందటి నన్ను నేనే చూసుకున్నట్టుంది. డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనిపించని పురుగు) అలర్జీకి వారం వారం ఇంజెక్షన్లు, నాలుగో నెల నడుస్తోంది, ఇంతలో ఆరు నెలలు ఎత్తైన మంచు ప్రాంతంలో డ్యూటీ పడింది, వయల్స్ (మందు సీసాలు) వెంట పట్టుకెళ్లి అక్కడ నేనే వేసుకోవచ్చా, చలికీ వేడికీ పాడవని రకం ఏదైనా ఉందా అని కదా అడిగారు. నాది మంచు కాదు, సముద్రం. సరుకు ఓడలో ఇంజిన్ రూమ్ ఉద్యోగం. అయినా మన ఇబ్బంది ఒక్కటే: పక్కన డాక్టరు ఉండడు, ఫ్రిజ్‌ని నమ్మలేం, ఏదైనా అయితే ఆస్పత్రి రోజుల దూరం.

ముందే చెప్పేస్తా, వయల్స్ తీసుకెళ్లకండి. నేను తీసుకెళ్లి తిన్న దెబ్బతోనే చెబుతున్నా.

మా డాక్టరు వద్దన్నారు. మధ్యలో ఆపితే నాలుగు నెలల సూదులూ వృథా అవుతాయని నేనే పట్టుబట్టి ఐస్ ప్యాక్‌ల మధ్య సర్దుకుని ఓడెక్కాను. మామూలు సరుకు ఓడలో డాక్టరుండడు. చిన్న కోర్సు చేసిన సెకండ్ ఆఫీసరే మందుల బీరువా చూసుకుంటాడు. మొదటి వారం ఇంజెక్షన్ బాగానే వేశాడు. రెండో వారం వేశాక అరగంట కూర్చోమంటే, పావుగంటకే కింద ఏదో పంపు మొరాయించిందని పిలుపొచ్చింది, దిగిపోయాను. ఇంజిన్ రూమ్ వేడిలో, చెమటలో, బరువైన పని. పది నిమిషాలు కాలేదు, అరచేతుల్లో దురద మొదలైంది, మెడంతా దద్దుర్లు, తర్వాత పొడిదగ్గు. మెట్లెక్కి పైకొచ్చేసరికి ఊపిరి అందట్లేదు. సెకండ్ ఆఫీసర్ రేడియోలో డాక్టరుతో మాట్లాడుతూనే నా తొడలో అడ్రినలిన్, అంటే ఇలాంటి రియాక్షన్‌ని వెంటనే అణిచే మందు, పొడిచాడు. ఓడలకి ఇలా దూరం నుంచే వైద్య సలహా ఇచ్చే కేంద్రాలున్నాయి, రోమ్‌లో ఉన్న సీఐఆర్ఎం 1935 నుంచీ ఈ పనే చేస్తోంది. కాసేపటికి తేరుకున్నాను కానీ, తర్వాత రెండు రోజులు కెప్టెన్ నా మొహం చూడలేదు. న్యాయమే.

అరగంట కూర్చోమనడం ఏదో మర్యాదకి చెప్పే మాట కాదని ఆ రోజు తెలిసింది. ఒంటికి పడనిదాన్నే కొద్దికొద్దిగా ఎక్కిస్తున్నాం కాబట్టి రియాక్షన్ వస్తే ఎక్కువగా ఆ అరగంటలోనే వస్తుంది. కష్టమైన పని, వేడినీళ్ల స్నానం కూడా ఆ తర్వాత కొన్ని గంటలు మానేయమంటారు, రక్తప్రసరణ పెరిగితే మందు ఒక్కసారిగా ఒంట్లోకి పాకుతుంది. ఈ పద్ధతిని లియోనార్డ్ నూన్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1911లో గడ్డి పుప్పొడితో మొదలుపెట్టాడు. వందేళ్లు దాటినా ఇంజెక్షన్ల దగ్గర ఆ జాగ్రత్త మారలేదు. రేపు ఎంత చలికైనా పాడవని వయల్ వచ్చినా, మంచు తుఫానులో హెలికాప్టర్ దిగని చోట ఆ అరగంట మీకెవరు కాపలా కాస్తారు?

ఇక వయల్స్ సంగతి. సూదులు ఆపేశాక కూడా పారేయడానికి మనసొప్పక మందుల ఫ్రిజ్‌లోనే ఉంచాను. వారం తర్వాత చూస్తే వెనక పలకకి ఆనుకున్న రెండు గడ్డకట్టాయి. కరిగాక ఊపితే మళ్లీ పాలలాగే కనిపించింది, ఏమీ కాలేదనుకున్నా. అనుమానమొచ్చి, గడ్డకట్టని దాన్ని కూడా ఊపి రెండూ పక్కపక్కన కిటికీ దగ్గర పెట్టి చూశాను. బాగున్నది చాలాసేపు తెల్లగా, ఒకే తీరుగా ఉంది. గడ్డకట్టిందాంట్లో సన్నటి పొరకలు గబగబా కిందికి దిగి పైన నీళ్లు తేలిపోయాయి. నాది అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కి అంటించిన రకం, మందు ఒంట్లోకి మెల్లగా దిగాలని అలా చేస్తారు. గడ్డకడితే ఆ రేణువులు ముద్దలైపోతాయి, కరిగించినా మునుపటిలా అవ్వవు, సూదిలోకి ప్రతిసారీ ఒకే డోసు వస్తుందనే నమ్మకం ఉండదు. అందుకే డబ్బా మీద 2 నుంచి 8 డిగ్రీలు అని రాసి, గడ్డకట్టనివ్వొద్దని కూడా రాస్తారు. సగం గ్లిజరిన్ కలిపినవి కాస్త గట్టివి. అవి అంత సులువుగా గడ్డకట్టవు, బలమూ ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ మీలా డోసు పెంచే దశలో ఉన్నవాళ్లకి ఇచ్చేవి బాగా పలచన చేసినవి, త్వరగా బలం తగ్గేవీ అవే.

నన్ను చివరికి గట్టెక్కించింది నాలుక కింద పెట్టుకునే మాత్ర. మీరడిగిన 'పాడవని రకం' దాదాపు ఇదే. డస్ట్ మైట్‌కి, గడ్డి పుప్పొడికి, ఇంకా కొన్నిటికి ఉన్నాయి, ఫ్రిజ్ అక్కర్లేదు. మొదటి మాత్ర మాత్రం డాక్టరు ముందే వేసుకుని అరగంట ఉండాలి, మిగతావి ఇంట్లోనే రోజుకొకటి, దాదాపు మూడేళ్లు. ఇంజెక్షన్లతో పోలిస్తే పెద్ద రియాక్షన్లు చాలా అరుదు, అసలే రావని కాదు. మొదటి కొన్ని రోజులు నాలుక కింద, చెవుల్లోపల ఒకటే దురద, నాకు రెండు వారాలకి తగ్గింది.

దీనికీ ఓ బలహీనత ఉంది, తేమ. నా మాత్ర గడ్డకట్టించి తేమ లాగేసి చేసిన రకం, మంచు పలుకులా తేలిక. మొదటి వారం డ్యూటీ దిగి చెమట చేతులతో రేకు చించితే వేలికే అంటుకుని కరిగిపోయింది, వేలు నాకాలా వద్దా అని నిలబడిపోయా. తర్వాత్నుంచి చేతులు కడిగి, తుడుచుకుని, అప్పుడే రేకు తీయడం. వారానికి సరిపడా ముందే విప్పి డబ్బాలో పోసుకోవడం లాంటివి చేయకండి. నాలుక కింద పెట్టాక నిమిషం మింగకుండా ఉండి, ఐదు నిమిషాలు ఏమీ తినకూడదు. నోట్లో పుండున్నా, పన్ను పీకించుకున్నా మానే దాకా ఆపాలి. ఆస్తమా అదుపులో లేకపోతే అసలు మొదలుపెట్టరు.

మీరు వెళ్లేచోట ఒక తమాషా జరుగుతుంది. డస్ట్ మైట్లు నీళ్లు తాగవు, గాలిలో తేమే వాటికి ఆధారం, గాలి పొడిగా ఉంటే బతకలేవు. అందుకే ఎత్తైన చల్లటి ప్రాంతాల్లో చాలా తక్కువ. నెల తిరక్కముందే ముక్కు తేలికపడి, తగ్గిపోయిందిగా, మాత్ర ఎందుకనిపిస్తుంది. తగ్గింది జబ్బు కాదు, అక్కడ పురుగులు లేవంతే. మాత్ర ఆపొద్దు. కొన్ని రోజులు తప్పితే ఏం చేయాలో డబ్బాలోని కాగితంలో ఉంటుంది, నా దాంట్లో వారం దాకా ఫర్వాలేదు, దాటితే డాక్టర్ని అడగమని ఉండేది. చల్లటి పొడిగాలికి ఆస్తమా మాత్రం రేగొచ్చు, ఇన్‌హేలర్ మర్చిపోకండి.

అడ్రినలిన్ పెన్నులు, అంటే తొడలో పొడుచుకునే రెడీమేడ్ ఇంజెక్షన్లు, రెండు అడగండి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గడ్డకట్టనివ్వకూడదు, ఎండలో వదిలేయకూడదు, గది వేడిలోనే ఉండాలి. మంచులో అయితే జాకెట్ లోపలి జేబు దానికి సరైన చోటు, బయటి జేబు వద్దు. పెన్ను మీదుండే చిన్న కిటికీలోంచి చూస్తే మందు గోధుమరంగుకి తిరిగినా, నలకలున్నా మార్చేయాలి. పక్కన ఉండే ఇద్దరికైనా ఎలా పొడవాలో నేర్పండి, ఊపిరాడనప్పుడు మీరే చేసుకోగలరన్న గ్యారంటీ లేదు.

డాక్టరు మీకు మాత్ర కుదరదంటే ఆరు నెలలు ఆపేయడమే నయం. తిరిగొచ్చాక ఎక్కడ ఆపారో అక్కడి డోసుతో మొదలుపెట్టరు, బాగా తగ్గించి మళ్లీ పెంచుకుంటూ వస్తారు, ఇంత గ్యాప్ కాబట్టి మొదటి నుంచీ కావచ్చు. బాధగానే ఉంటుంది, నేనూ పడ్డాను. ఇంట్లో మిగిలిన పాత వయల్‌తో మాత్రం మీరే మొదలుపెట్టకండి.

కింద కామెంట్లలో ఒకాయన తేనెటీగ విషానికి కూడా మాత్ర ఉందా అని అడిగారు. లేదండి, దానికి సూదే. అయితే ఆ విషం పొడి రూపంలో వస్తుంది, ఆస్పత్రిలో ఉంచి కొన్ని రోజుల్లోనే పూర్తి డోసుకి తీసుకెళ్లే పద్ధతి ఉంది, తర్వాత నెలకోసారి, క్రమంగా ఇంకా దూరం జరుపుతారు. బయల్దేరే ముందు అదయ్యేలా చూసుకోవచ్చు.

మీ ప్రయాణం ఎప్పుడో రాయలేదు. మొదటి రెండు వారాల దురదలూ అవీ డాక్టరు అందుబాటులో ఉండగానే అయిపోతే మంచిది, కాబట్టి అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి.