పాఠకుల ప్రశ్నలు: హెబ్రోను పంపిన దూత

ప్రశ్న: పద్దెనిమిదో శతాబ్దంలో పాలస్తీనా నుంచి యూదు మతగురువులు ఐరోపా నగరాలు తిరిగి విరాళాలు పోగుచేసేవారని చదివాను. అంతటి పండితులు యాయవారానికి ఎందుకు వెళ్లవలసి వచ్చింది? వచ్చినవారు నిజమైన దూతలేనని ఎలా నమ్మేవారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దానిని యాయవారం అనడానికి నాకు మనసొప్పదు. పాలస్తీనాలో యూదులకు పవిత్రమైన జెరూసలేము, హెబ్రోను, సఫెద్, తిబెరియ పట్టణాలలో ఉంటూ శాస్త్రాధ్యయనం చేసేవారిని పోషించడం తమ విధి అని దూరదేశాల యూదులు భావించేవారు. అక్కడ బతుకుతెరువు తక్కువ, పన్నులూ అప్పుల మీద వడ్డీలూ ఎక్కువ. వితంతువులు, అనాథలు కూడా ఆ సొమ్ము మీదే ఆధారపడేవారు. అందుకే పేరున్న పండితుణ్ణి ఎంచి పంపేవారు. ఆయనను ‘షదార్’ అనేవారు. ‘గురువుల దూత’ అనే అర్థం గల అరమాయిక్ అనే ప్రాచీన భాషా పదాల పొడి అక్షరాలతో ఏర్పడిన పేరది.

వీరిలో నాకు మిక్కిలి ఇష్టుడు హయీం యోసేఫ్ దావీద్ అజులాయి. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యూదుల వంశంలో 1724లో జెరూసలేములో పుట్టిన ఈయన, 1753లో హెబ్రోను తరఫున బయలుదేరి ఇటలీ, జర్మనీ, హాలండ్, ఇంగ్లండ్, ఫ్రాన్స్ దేశాలు తిరిగారు. 1772లో మళ్లీ బయలుదేరి ట్యూనిస్ మీదుగా ఐరోపా చేరారు. తాను చూసినదంతా దినచర్యగా రాసుకున్నారు. లండన్ కోటలోని సింహాల ముచ్చట మొదలుకొని, కానుక ఇవ్వడానికి వెనకాడిన సంఘ పెద్దల ముందు పడిన మనస్తాపం దాకా అందులో ఉన్నాయి.

ఇక నమ్మకం సంగతి. దూత చేతిలో ఊరి గురువులు సంతకాలు చేసిన అధికారపత్రం, దానితోపాటు ఒక పద్దు పుస్తకం ఉండేవి. ఏ ఊరివారు ఎంత ఇచ్చారో ఆ పుస్తకంలోనే రాయించేవారు కనుక తిరిగి వచ్చాక లెక్క అప్పగించక తప్పేది కాదు. వసూలైన దానిలో దూతకూ ఒక వాటా ఉండేది. ఏళ్ల తరబడి ఆలుబిడ్డలను వదిలి ఓడలలోనూ గుర్రపు బండ్లలోనూ తిరిగినవారికి అది న్యాయమైనదే. అయినా దొంగ దూతల భయం వల్ల పెద్దలు ఒక్కోచోట అజులాయి పత్రాలనే శంకించారు.

వెళ్లిన ప్రతి నగరంలోనూ ఆయన ప్రసంగించారు, ధర్మసందేహాలు తీర్చారు, పాత రాతప్రతుల కోసం గ్రంథాలయాలు వెతికారు. పారిస్ రాజగ్రంథాలయంలో హీబ్రూ ప్రతులను స్వయంగా పరిశీలించారు. ఆ శ్రమ పండి, పండితుల చరిత్రలనూ వారి రచనలనూ అకారాదిగా కూర్చిన ‘షెమ్ హగ్గెదోలీమ్’ 1774లో ఇటలీలోని లివోర్నోలో అచ్చు కావడం మొదలైంది. పోగైన నాణేలు హెబ్రోను అప్పులకే చెల్లిపోయి ఉంటాయి. ఆ గ్రంథాన్ని మాత్రం పరిశోధకులు ఇప్పటికీ తిరగేస్తున్నారు.