బ్రొన్‌వెన్ అని పెట్టేముందు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆడపిల్ల పుడితే బ్రొన్‌విన్ అని పెడతామని రాశావు. పేరు నాకూ నచ్చింది గానీ, చివర 'విన్' తీసేసి 'వెన్' చెయ్యి. వేల్స్ వాళ్ల భాష వెల్ష్‌లో తెలుపుకి మగ రూపం గ్విన్, ఆడ రూపం గ్వెన్. అమెరికాలో ఆడపిల్లలకూ 'విన్' అనే రాస్తుంటారు, అది వాళ్లిష్టం. వేల్స్‌లో, మీ కార్డిఫ్‌లో పెరిగే పిల్లకి మాత్రం వెల్ష్ వచ్చిన ప్రతి టీచరూ స్పెల్లింగ్ దిద్దబోతే ఏం బాగుంటుంది?

మరి 'గ' ఏమైందంటావా? అన్నదమ్ముల్లో తమ్ముడి 'త' 'ద' అయినట్టే, ముందు ఇంకో మాట చేరితే గ్వెన్‌లో 'గ' జారిపోతుంది. ఈ విషయంలో మనకంటే వాళ్లే ఘనులు, మాట మొదటి అక్షరం మారుస్తూనే ఉంటారు.

ఇక అర్థం. బ్రొన్ అంటే రొమ్ము, కొండవాలుకీ అదే మాట. గ్వెన్‌లో తెలుపుతో పాటు పవిత్రమైనది అనే అర్థమూ ఉంది. బారసాలలో మీ అత్తయ్యగారు అడిగితే మాటకి మాట తెలుగు చేసి చెప్పకు తల్లీ, 'తెల్లని ఎద' అను చాలు.

బ్రాన్‌వెన్ అని ఇంకో పేరుంది, దాంతో కలపొద్దు. అందులో బ్రాన్ అంటే కాకి. మాబినోగి అనే పాత వెల్ష్ కథల్లో ఈ బ్రాన్‌వెన్ రాజకుమారి. ఐర్లండ్ రాజుకిచ్చి పెళ్లి చేస్తే, అక్కడ వంటింట్లో పడేసి రోజూ దెబ్బలు తినిపించారు. పాపం, ఒక గోరింకలాంటి పిట్టను పెంచి, మాటలు నేర్పి, రెక్కకి ఉత్తరం కట్టి సముద్రం దాటించింది. దమయంతికి హంసలా ఈమెకి ఆ పిట్ట! అన్న వచ్చాడు, యుద్ధం జరిగింది, చివరికి ఆమె గుండె పగిలి చచ్చిపోయింది. కథ నాకు ప్రాణం. కానీ ద్రౌపది అని మనింట్లో ఎవరికైనా పెట్టామా?

పలకడం కష్టం కాదు. మొదటి అక్షరం ఒత్తి, 'ర'ని మనలాగే నాలుక ఆడించి పలకాలి. పుట్టిన 42 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. సంతకం పెట్టేముందు స్పెల్లింగ్ నువ్వే చదువుకో, అబ్బాయికి వదిలెయ్యకు.

రెండో పేరు ఎయ్‌రా అన్నావు. మంచు అని అర్థం, ముచ్చటగా ఉంది. కాకపోతే మీ నాన్న ఫోన్లో "ఏరా" అంటే, పేరు పెట్టి పిలిచాడో మామూలుగా పిలిచాడో దానికి తెలిసి చావదు.

మీ పెద్దమ్మ