పాత స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌ను మార్చే ముందు దాని హెచ్చరికలు ఎవరికి చేరుతున్నాయో చూడండి

చాలా డిస్కులను కలిపి ఒకే స్టోరేజ్‌గా వాడే డిస్క్ అర్రేను చూసుకునే సాఫ్ట్‌వేర్ విండోస్ సర్వర్ 2008 ఆర్2 మీద నడుస్తోందని, దాన్ని సర్వర్ 2022కు మార్చాలా, అలాగే ఉంచాలా అని ఒకరు అడిగారు. ఆ అర్రే వాడుకలో ఉన్నంతకాలం మార్చకూడదనే నేను గట్టిగా చెబుతాను. ఆ తరం సాఫ్ట్‌వేర్ చాలావరకు బ్రౌజర్‌లో జావా యాప్లెట్‌గా, అంటే జావా ప్లగిన్ సాయంతో నడిచే చిన్న ప్రోగ్రామ్‌గా తెరుచుకునేది. క్రోమ్ 2015లోనే అలాంటి ప్లగిన్లను వదిలేసింది, 2018లో వచ్చిన జావా 11లో ఆ ప్లగిన్‌నే తీసేశారు. కాబట్టి కొత్త సర్వర్‌లో ఇన్‌స్టాల్ అయినా తెర తెరుచుకుంటుందన్న భరోసా లేదు. అయితే 2020 జనవరి 14తో ఆ విండోస్‌కు మామూలు భద్రతా ప్యాచ్‌లు ఆగిపోయాయి గనుక, దాన్ని ఇంటర్నెట్ తగలని ప్రత్యేక వీల్యాన్‌లో (వేరుచేసిన నెట్‌వర్క్ భాగంలో) ఉంచడం తప్పనిసరి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే విషయం. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో స్కాన్ చిత్రాలన్నీ ఇలాంటి అర్రేలోనే ఉండేవి. ఒక సాయంత్రం యూపీఎస్ బ్యాటరీలు చూడడానికి సర్వర్ గదిలోకి వెళ్తే, వరుసగా వెలుగుతున్న పచ్చ లైట్ల మధ్య ఒక స్లాట్‌లో పసుపు లైటు కనిపించింది. లాగ్ తెరిచి చూస్తే ఆ డిస్క్ పాడై అప్పటికే కొన్ని వారాలైంది. స్పేర్ డిస్క్ లేని రెయిడ్ 5 (ఒక్క డిస్క్ పోతే మాత్రమే తట్టుకునే అమరిక) కావడంతో, ఇంకొక్క డిస్క్ పోతే రోగుల చిత్రాలన్నీ పోయేవి. చదవడం, రాయడం అర్రేలోని కంట్రోలర్లే చూసుకుంటాయి కాబట్టి డాక్టర్లకు ఏ తేడా తెలియలేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం హెచ్చరిక మెయిల్ పంపుతూనే ఉంది, ప్రతిసారీ అది తిరస్కరణకు గురవుతూనే ఉంది. మెయిల్‌ను క్లౌడ్‌కు తరలించినప్పుడు పాస్‌వర్డ్ లేకుండా వచ్చే మెయిళ్లను తీసుకోవడం ఆపేశారు. ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో పాస్‌వర్డ్ ఇచ్చే వీలే లేదు. కొత్త డిస్క్ పెట్టాక, దానిలోకి డేటాను తిరిగి నింపే రీబిల్డ్ శాతం ఒక్కొక్కటిగా పెరుగుతుంటే ఆ రాత్రంతా అక్కడే కూర్చున్నాం.

మెయిల్ చూసేవారు, స్టోరేజ్ చూసేవారు ఒకే అంతస్తులో ఉండి కూడా ఒకరికొకరు చెప్పుకోకపోవడం మన సంస్థల్లో పాతుకుపోయిన జబ్బు. ఆడిట్‌కు వచ్చేవారు విండోస్ వెర్షన్ అడుగుతారు గానీ, డిస్క్ పోతే కబురు ఎవరికి వెళుతుందని అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

కాబట్టి ముందుగా లోపలి నెట్‌వర్క్‌లో ఒక మెయిల్ రిలే పెట్టి, పాత సాఫ్ట్‌వేర్ దానికి పంపేలా, అది క్లౌడ్‌కు చేరవేసేలా చేయండి. నెలకొకసారి పరీక్ష మెయిల్ పంపి, అది అందినట్టు ఒక మనిషి చేత రాయించండి. ఆ సర్వర్‌ను వర్చువల్ మెషీన్‌గా (వేరే కంప్యూటర్ మీద సాఫ్ట్‌వేర్ రూపంలో నడిచే సర్వర్‌గా) మార్చదలిస్తే, దాని డిస్క్ ఫైలును అది చూసుకునే అర్రేలోనే పెట్టకండి. అర్రే పడిపోయిన రోజున, దాన్ని సరిచేయడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ కూడా దానితోపాటే పోతుంది.