పంట వాటాలో అనపకాయలు

ప్రశ్న: మేము కొన్ని కుటుంబాలవాళ్ళం కలిసి చంద్రగిరి వైపు ఒక రైతుకు ముందుగానే సొమ్ము చెల్లించి, వారం వారం కూరగాయలు తీసుకుంటున్నాము. చలికాలంలో అనపకాయలే (సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయలు) ఎక్కువగా వస్తున్నాయి. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: న్యాయమేనమ్మా. మీరిచ్చిన సొమ్ము విత్తనాలకూ కూలికీ పెట్టుబడి అవుతుంది కనుక రైతుకు అప్పు చేసే అవసరం తగ్గుతుంది. ప్రతిగా పొలంలో ఏది పండితే అందులో మీకు వాటా వస్తుంది, పంట దెబ్బతింటే ఆ నష్టంలోనూ భాగముంటుంది. అనపకాయల విషయంలో మాత్రం మీరు అదృష్టవంతులనే నా అభిప్రాయం. ముదిరిన గింజలను రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కటి వేళ్ళతో పితికి పొట్టు తీసి, కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి నూరిన ముద్ద చేర్చి మెత్తగా ఉడికిస్తే, రాగిసంగటికి సరిజోడైన పితికిపప్పు కూర సిద్ధమవుతుంది. లేత గింజలను వంకాయతో కలిపి వండండి. వచ్చే పంటకు ఏయే కూరలు వేయాలో విత్తుకు ముందే రైతుతో కూర్చుని మాట్లాడండి.