అమ్మకు గ్రీన్ కార్డ్: ఇల్లు అమ్మడం కాదు, ముందు ఇన్సూరెన్స్ సంగతి చూడండి

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. భార్యాభర్తలిద్దరం అమెరికా సిటిజన్లం, ఇద్దరు పిల్లలు. నాన్నగారు పోయి రెండేళ్లు దాటింది. 71 ఏళ్ల అమ్మ ఇండియాలో ఒక్కతే ఉంటోంది. షుగర్, బీపీ ఉన్నాయి. ఆవిడకు ఫ్యామిలీ పెన్షన్ నెలకు 32,000 రూపాయలు వస్తుంది. 30 లక్షల ఎఫ్‌డీ, కొన్ని మ్యూచువల్ ఫండ్లు, నాన్న నుంచి వచ్చిన ఇల్లు ఉన్నాయి. ఇల్లు అమ్మించి, గ్రీన్ కార్డ్ మీద ఇక్కడికే తెచ్చుకుందామనుకుంటున్నాం. డబ్బుపరంగా ఏమేం చూసుకోవాలి?

జవాబు: ఇల్లు ఇప్పుడే అమ్మించకండి. ముందు తేలాల్సింది అమ్మగారి వైద్యం ఖర్చు.

అమెరికా సిటిజన్ల తల్లిదండ్రులకు వీసా కోటా ఉండదు. ఐ-130 (తల్లిదండ్రుల గ్రీన్ కార్డ్ కోసం మీరు వేసే మొదటి దరఖాస్తు) వేశాక ఏళ్ల తరబడి క్యూలో నిలబడే పని లేదు. అందుకే డబ్బు ఏర్పాట్లు దరఖాస్తుకు ముందే చేసుకోవాలి. మెడికేర్, అంటే పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, 65 దాటగానే ఎవరికైనా వస్తుందని చాలామంది అనుకుంటారు. గ్రీన్ కార్డ్‌తో వచ్చినవాళ్లు ఇక్కడ వరసగా ఐదేళ్లు ఉంటేగానీ అందులో చేరలేరు. అంటే అమ్మగారికి 76 వచ్చాకే. అప్పుడు కూడా, ఆవిడగానీ నాన్నగారుగానీ ఇక్కడ పని చేయలేదు కాబట్టి, పార్ట్ ఏ (ఆసుపత్రి ఖర్చుల భాగం) ఉచితంగా రాదు, కొనుక్కోవాలి. 2025లో దాని పూర్తి ప్రీమియం నెలకు 518 డాలర్లు, పార్ట్ బీకి (డాక్టర్ల ఖర్చుల భాగం) మరో 185. ఐదేళ్లు నిండిన వెంటనే చేరకపోతే పార్ట్ బీకి పెనాల్టీ పడుతుంది, అది ఆమె ఉన్నన్నాళ్లూ ప్రీమియంతో పాటే వస్తుంది.

మరి ఆ ఐదేళ్ల మాటేమిటి? మీ ఆఫీసు ఇన్సూరెన్స్‌లో సాధారణంగా తల్లిదండ్రులను చేర్చనివ్వరు. విజిటర్లకు అమ్మే ట్రావెల్ పాలసీలు పాత జబ్బులకు దాదాపు డబ్బులివ్వవు, కాబట్టి షుగర్ ఉన్న మనిషిని వాటి మీద ఐదేళ్లు నెట్టుకు రావడం ప్రమాదం. మిగిలింది మార్కెట్‌ప్లేస్ ప్లాన్, అంటే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా మనమే కొనుక్కునే ఇన్సూరెన్స్. ఇందులో పాత జబ్బుల పేరు చెప్పి కాదనరు, ప్రీమియం పెంచరు. వచ్చిన 60 రోజుల్లోపు చేర్పించాలి, ఆ గడువు మాత్రం దాటనివ్వకండి. ప్రీమియం రాయితీ వస్తుందన్న ఆశతో లెక్క వేయకండి. పూర్తి ప్రీమియం కట్టుకుంటాం అనుకునే మొదలుపెట్టండి. దాని పైన నెట్‌వర్క్‌లోని ఆసుపత్రుల్లో మన జేబులోంచి పెట్టాల్సింది 2025 ప్లాన్లలో ఏడాదికి 9,200 డాలర్ల వరకూ ఉండేది.

మార్కెట్‌ప్లేస్ వెబ్‌సైట్‌లో మీ జిప్ కోడ్, అమ్మగారి వయసు ఇచ్చి ప్రీమియం ఎంతో ఈరోజే చూడండి. ఆ మొత్తాన్నీ, జేబులోంచి పెట్టాల్సిన ఆ ఏడాది గరిష్ఠ మొత్తంలో పన్నెండో వంతునీ కలిపి, వచ్చే ఆరు నెలలూ వేరే ఖాతాలోకి పంపి చూడండి. ఇల్లు గడవడం కష్టమైతే ఆ సంగతి ఇప్పుడే తెలుస్తుంది. గడిచిపోతే, అదే అమ్మగారి మొదటి ఏడాది నిధికి మొదలు.

ఇక మీరు సంతకం పెట్టే ఐ-864 ఉంది, అంటే అమ్మగారి పోషణ బాధ్యత మాదేనని ఇచ్చే హామీ పత్రం. ఆమెతో కలిపి మీరు ఐదుగురు. 2025 లెక్కల ప్రకారం మీ ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం, అంటే సుమారు 47,000 డాలర్లు ఉంటే చాలు. చాలా ఇళ్లకు అది పెద్ద మొత్తం కాదు, అందుకే చదవకుండా సంతకం పెట్టేస్తారు. అది చట్టం ముందు నిలబడే హామీ. ఆవిడ సిటిజన్ అయ్యేదాకా, లేదా శాశ్వతంగా వెళ్లిపోయేదాకా, లేదా ఆమె జీవితాంతం ఉంటుంది. మధ్యలో మీ ఉద్యోగం పోయినా రద్దు కాదు. మీ భార్య ఆదాయం కూడా చూపిస్తే ఆవిడా సంతకం పెట్టాలి, కాబట్టి ఈ నిర్ణయం ఇద్దరూ కూర్చుని తీసుకోండి.

పన్ను విషయంలో ఒక ఆశ వదులుకోండి. అమ్మగారిని డిపెండెంట్‌గా చూపించాలంటే ఆమె ఆదాయం 2025లో 5,200 డాలర్ల లోపు ఉండాలి. పెన్షన్ ఏడాదికి 3.84 లక్షలు. ఎఫ్‌డీకి ఏడు శాతం వడ్డీ వేసుకుంటే మరో 2.1 లక్షలు. మొత్తం 6,000 డాలర్లు దాటిపోతుంది. దీనివల్ల పోయేది 500 డాలర్ల క్రెడిట్టే కాబట్టి బాధపడక్కర్లేదు. కానీ గ్రీన్ కార్డ్ వచ్చాక ఇండియా ఆదాయం కూడా ఇక్కడ చూపించాలి. అక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బీఏఆర్ (విదేశీ ఖాతాల వివరాలు తెలిపే రిపోర్టు) వేయాలి. మ్యూచువల్ ఫండ్లు మాత్రం బయల్దేరే ముందే అమ్మించేయండి. ఇండియా ఫండ్ల మీద ఇక్కడి పన్ను నిబంధనలు చాలా కఠినం, ఫారాల ఖర్చే లాభాన్ని తినేస్తుంది.

ఇప్పుడు ఇల్లు. ఆ ఇల్లు ఉన్నంతకాలం, ఇక్కడ ఇమడలేకపోతే వెనక్కి వెళ్లగలనన్న ధైర్యం అమ్మగారికి ఉంటుంది. మీరు ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్లాక, కారు నడపలేని మనిషికి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా నాలుగు గోడలే. కొందరు అలవాటు పడతారు, కొందరు పడలేరు. అమెరికా పన్ను చట్టంలో అమ్మే ముందు ఐదేళ్లలో కనీసం రెండేళ్లు మన సొంతమై ఉండి, మనం అందులో నివసించిన ఇంటిపై 2,50,000 డాలర్ల దాకా లాభానికి మినహాయింపు ఉంది. కాబట్టి ఆవిడ వచ్చాక కూడా దాదాపు మూడేళ్లు గడువు దొరుకుతుంది. నాన్నగారు పోయిన నాటికి ఇల్లు ఎంత విలువ చేసేదో ఇప్పుడే ఒక వాల్యూయర్‌తో రాయించుకోండి. ఇక్కడ లాభాన్ని ఆ విలువ నుంచే లెక్కిస్తారు. ఇండియాలో మాత్రం, ఎన్నారై అయ్యాక అమ్మితే కొనేవారు టీడీఎస్ ఎక్కువగా కోస్తారు. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు.

ఒకవేళ అమ్మగారి మనసులో ఉన్నది ‘ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ’ అయితే, గ్రీన్ కార్డ్ ఆవిడకు సరిపోదు. ఆరు నెలలకు మించి బయట ఉంటే తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి, మెడికేర్‌కు కావలసిన వరస ఐదేళ్లూ చిక్కులో పడతాయి. అలాంటప్పుడు విజిటర్ వీసాయే నయం. అందుకని ఐ-130 వేసే ముందు, ఏడాదిలో ఎన్ని నెలలు ఇక్కడ ఉండాలని ఉందో ఆవిడనే అడగండి. ఆ మాట మీకు నచ్చేలా చెప్పించకుండా, ఆమె చెప్పిందే రాసుకోండి.